ఆర్డుయినో యూనో నుంచి నిలకడైన 2.5 వోల్టులు ఎలా?

ప్రశ్న: ఆర్డుయినో యూనో 9వ పిన్‌కు అనలాగ్‌రైట్ కమాండ్‌తో 128 (గరిష్ఠం 255లో సగం) ఇస్తే మల్టీమీటర్ 2.5 వోల్టులు చూపిస్తోంది. కాలేజీ ల్యాబ్‌లో ఆసిలోస్కోప్‌కు తగిలిస్తే మాత్రం స్క్వేర్ వేవ్ కనిపిస్తోంది. డాక్ చిప్ (అంకెలను నిలకడైన వోల్టేజీగా మార్చే చిప్) కొనకుండా నిలకడైన వోల్టేజీ తీసుకోవచ్చా?
– బీటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: పిన్ మీద నిజంగా ఉన్నది ఆసిలోస్కోప్ చూపిన తరంగమే, మల్టీమీటర్ చెప్పేది దాని సగటు. యూనోలోని ఏటీమెగా328పీ చిప్‌లో డాక్ లేదు కాబట్టి, ఆ పిన్ సెకనుకు సుమారు 490 సార్లు 5 వోల్టులకు ఎక్కి, సగం సేపు అక్కడ ఉండి, మళ్లీ సున్నాకు దిగుతుంది. ఇదే పీడబ్ల్యూఎం (పల్స్ విడ్త్ మాడ్యులేషన్). అనలాగ్‌రైట్ అన్న పేరే చాలామందిని తికమక పెడుతోంది.

ఈ సగటును నిలకడైన వోల్టేజీగా మార్చడానికి ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ చాలు. పిన్ నుంచి 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, దాని రెండో కొస నుంచి గ్రౌండ్‌కు 10 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ కలిపి (మైనస్ గీత ఉన్న కాలు గ్రౌండ్ వైపు ఉండాలి), ఆ రెండూ కలిసే చోట వోల్టేజీ తీసుకోండి. అప్పటికీ సుమారు 25 మిల్లీవోల్టుల రిపుల్ (వోల్టేజీలో చిన్న ఊగిసలాట) మిగులుతుంది. విలువ మార్చినప్పుడల్లా కుదురుకోవడానికి అర సెకను పడుతుంది. కెపాసిటర్ పెంచితే రిపుల్ తగ్గుతుంది కానీ స్పందన ఇంకా మందగిస్తుంది.

అందుకే కెపాసిటర్‌ను కాక ఫ్రీక్వెన్సీని పెంచమంటాను. చిప్‌లో 9, 10 పిన్లను నడిపే టైమర్-1 ప్రీస్కేలర్‌ను (క్లాక్ వేగాన్ని భాగించే అంకెను) 1కి మారిస్తే ఆ పిన్లలో పీడబ్ల్యూఎం దాదాపు 31 కిలోహెర్ట్జ్‌కు చేరుతుంది. అప్పుడు 1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తోనే రిపుల్ 4 మిల్లీవోల్టులకు, కుదురుకునే సమయం 50 మిల్లీసెకన్లకు తగ్గుతాయి. 5, 6 పిన్ల టైమర్-0 జోలికి మాత్రం వెళ్లవద్దు. డిలే, మిల్లీస్ లెక్కలు దాని మీదే నడుస్తాయి.

తర్వాత ఎక్కువమంది తడబడేది లోడ్ (ఈ వోల్టేజీ నుంచి కరెంటు తీసుకునే పరికరం) దగ్గర. ఈ అవుట్‌పుట్‌కు 10 కిలోఓమ్‌ల లోడ్ తగిలిస్తే 2.5 వోల్టులు కాస్తా 1.25కి పడిపోతాయి. మధ్యలో ఆప్-యాంప్ బఫర్ (వోల్టేజీని మార్చకుండా లోడ్‌కు కావలసిన కరెంటును తానే ఇచ్చే చిప్) పెట్టండి. అందరి దగ్గరా ఉండే ఎల్ఎం358, 5 వోల్టుల సప్లై మీద సుమారు మూడున్నర వోల్టులు దాటి ఇవ్వలేదు. 5 దాకా కావాలంటే ఎంసీపీ6002 వంటి రైల్-టు-రైల్ (దాదాపు సప్లై వోల్టేజీ దాకా ఇవ్వగల) రకం తీసుకోండి.

పిన్ ఎక్కేది బోర్డుకు అందే వోల్టేజీ దాకానే కాబట్టి, యూఎస్‌బీ నుంచి 4.8 వోల్టులే వస్తుంటే 128కి మీకు 2.4 మాత్రమే వస్తుంది. కచ్చితమైన కొలతలకు వాడేట్లయితే ముందు బోర్డు 5వీ పిన్‌ను మల్టీమీటర్‌తో కొలిచి, ఆ అంకెనే ప్రోగ్రామ్‌లో రాసుకోండి.