రోజూ క్యారెట్ తిన్నా సాయంత్రానికి కళ్ల మంట: సమాధానం

రోజూ క్యారెట్ తింటున్నా, 20 నిమిషాలకోసారి దూరం చూస్తున్నా సాయంత్రానికి కళ్లు మండుతున్నాయని, విటమిన్ లోపమేమోనని మీరు అడిగారు. పొద్దున బాగానే ఉండి, కంప్యూటర్ ముందు కూర్చున్నాక సాయంత్రానికి మండుతున్నాయంటే, విటమిన్ లోపం కంటే కళ్లు పొడిబారడమే కారణం అయ్యుండొచ్చు. మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప వేస్తాం. స్క్రీన్ చూస్తుంటే అది సగానికి పడిపోతుంది.

1. 20 నిమిషాలకోసారి 20 సెకన్ల పాటు 20 అడుగుల దూరం చూడటం మీరు చేస్తున్నారు, మంచిదే. కానీ చాలామంది వదిలేసేది రెప్ప పూర్తిగా మూయడం. పనిలో ఉన్నప్పుడు పై రెప్ప సగం దిగి వెనక్కి పోతుంది, కంటి కింది భాగం తడవదు. దూరం చూసే ఆ 20 సెకన్లలోనే మెల్లగా రెండు రెప్పలూ తాకేలా మూసి, ఒక్క క్షణం ఆగి తెరవండి. పదిసార్లు చేయండి. గట్టిగా బిగించొద్దు.

2. స్క్రీన్ పై అంచు కంటి ఎత్తుకి కాస్త కిందే ఉండాలి. పైకి చూస్తే కన్ను ఎక్కువ తెరుచుకుని త్వరగా ఆరిపోతుంది.

3. ఏసీ గాలి, ఫ్యాన్ గాలి నేరుగా మొహానికి తగలనీయకండి.

4. క్యారెట్ మానక్కర్లేదు, కానీ ఈ మంటకి అది మందు కాదు. మునగాకు, తోటకూర కూడా తినండి. నూనె తాలింపుతో వండితేనే వాటిలోని కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారే పదార్థం) ఒంటికి బాగా పడుతుంది.

5. ఎరుపు తగ్గించే చుక్కలు సొంతంగా వాడకండి. మానేశాక ఎరుపు ఇంకా పెరగొచ్చు.

నొప్పి, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం ఉంటే ఇవేవీ ప్రయత్నించకుండా వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.