తిరుపతిలో వేర్వేరు సంస్కృతుల వాళ్ళ మధ్య స్నేహం పెంచే సంస్థ పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న చదివాను. తిరుపతిలో వేర్వేరు రాష్ట్రాల, దేశాల, మతాల వాళ్ళ మధ్య స్నేహం పెంచి, ఆ దారిలో శాంతి కోసం పనిచేసే సంస్థ పెట్టాలనుకుంటున్నారు. ట్రస్టా, సొసైటీనా, కంపెనీనా? అమెరికాలో ఉన్న బంధువులు డబ్బు పంపితే తీసుకోవచ్చా? పేరు ఏం పెట్టాలి? ఇవీ మీరు అడిగినవి. మేం కొందరం కలిసి ఇక్కడే అలాంటి సొసైటీ ఒకటి నడుపుతున్నాం కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

రిజిస్ట్రేషన్ ఇప్పుడే చేయించకండి. ఒక ఏడాది పాటు పేరు లేకుండా, బ్యాంకు ఖాతా లేకుండా మనుషుల్ని కలపండి. ఖర్చులు తలా కాస్త వేసుకుంటే సరిపోతాయి. ఏడాది తర్వాత కూడా ఎవరెవరు వస్తున్నారో చూసుకోండి, మీ కార్యవర్గం వాళ్ళే. కాగితాల మీద ముందు పుట్టిన సంఘాలను ఈ ఊళ్ళో చాలానే చూశాను. లెటర్‌హెడ్ ఉంటుంది, అధ్యక్షుడు ఉంటాడు, గాంధీ జయంతికి దిగిన ఒక ఫొటో ఉంటుంది.

కలపడానికి మనుషులు ఎక్కడ దొరుకుతారని మీకు అనుమానం రావచ్చు. మన ఊరికి రోజూ వేలమంది వస్తారు, కానీ వాళ్ళతో మన పరిచయం రూము అద్దె దగ్గర, ఆటో చార్జీ దగ్గర ఆగిపోతుంది. నేను చెప్పేది ఇక్కడే ఉంటున్నవాళ్ళ గురించి. ఏర్పేడు వైపు ఐఐటీలో, ఐసర్ అనే సైన్స్ విద్యాసంస్థలో కేరళ నుంచి, బెంగాల్ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్లలున్నారు. కట్టుబడి పనుల్లో, హోటళ్ళలో ఒడిశా, బీహార్ కుర్రాళ్ళున్నారు. శ్రీసిటీ పారిశ్రామిక ప్రాంతంలో ఇసుజు లాంటి జపాన్ కంపెనీలున్నాయి. ఇక చిత్తూరు, పుత్తూరు, తిరుపతిలో తరతరాలుగా ఉంటున్న తమిళ కుటుంబాలు, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు సరేసరి. పక్కపక్క వీధుల్లో ఉంటూ ఒకరింట్లో ఒకరు మంచినీళ్ళు తాగని వాళ్ళు ఎంతమందో లెక్కేసుకుంటే, విదేశీ అతిథి కోసం వెతకాల్సిన అవసరం కనపడదు. మేమైతే విదేశీయుల జోలికి చాలా ఆలస్యంగా వెళ్ళాం.

ఐక్యరాజ్యసమితి 2011లో జూలై 30ని అంతర్జాతీయ స్నేహ దినంగా ప్రకటించింది. ఆ రోజు ఒక హాలు తీసుకుని, జ్యోతి వెలిగించి, శాలువాలు కప్పి, భిన్నత్వంలో ఏకత్వం మీద ఉపన్యాసం పెట్టించడం చాలా తేలిక. బిర్యానీ ప్యాకెట్లు తిని అందరూ వెళ్ళిపోతారు. వచ్చేటప్పుడు ఎవరి పక్కన కూర్చున్నారో, వెళ్ళేటప్పుడూ వాళ్ళతోనే వెళ్తారు.

గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే దీని గురించి రాశాడు. వేర్వేరు వర్గాల వాళ్ళు ఊరికే ఎదురుపడితే అపోహలు పోవు. ఇద్దరూ సమానమైన హోదాలో ఉండాలి, ఇద్దరికీ కావలసిన పని ఒకటి ఉండాలి, అది పోటీగా కాకుండా చేయీ చేయీ కలిపి చేసేదై ఉండాలి, పైన పెద్దల మద్దతు ఉండాలి అన్నాడు. మా అనుభవంలో ఈ నాలుగింటిలో మొదటిదే కష్టం. ఒడిశా కుర్రాళ్ళతో స్నేహం అనగానే మన వాళ్ళకు మొదట తట్టేది దుప్పట్లు పంచడం. దుప్పటి అవసరమే, కానీ దుప్పటి తీసుకున్నవాడు మీ ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చోలేడు. అందుకే మేం ఒక షరతు పెట్టుకున్నాం: వచ్చిన ప్రతివాళ్ళూ ఏదో ఒకటి నేర్పాలి, ఏదో ఒకటి నేర్చుకోవాలి. సెంట్రింగ్ పనిచేసే అబ్బాయి మా పిల్లలకు ఒడియాలో అంకెలు, బేరం ఆడే మాటలు నేర్పాడు. వాళ్ళు అతనికి బస్సుల మీద బోర్డులు చదవడం నేర్పారు. అతనికి నిజంగా కావలసింది అదే. పని వాళ్ళకు వీలయ్యేది ఆదివారమే, అదీ కూలి డబ్బులు చేతికొచ్చాక, సరుకులు తెచ్చుకున్నాక. ఆదివారం పొద్దున పది గంటలకు మీటింగ్ పెట్టే సంఘం వాళ్ళ కోసం పెట్టింది కాదు.

అన్నిటికంటే బాగా నడిచింది వంట, ఎక్కువ గొడవలు వచ్చిందీ అక్కడే. నెలకోసారి ఒకరింట్లో కలిసి వండుకుంటాం. రాగి సంకటి, ఊరుబిండి మనవైపు నుంచి ఖాయం. ఒడిశా వాళ్ళ పఖాళ అంటే రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పులియబెట్టేదే కాబట్టి, మన చద్దన్నం ఎరిగిన పెద్దవాళ్ళకు కొత్తగా అనిపించలేదు. మణిపూర్ నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒకమ్మాయి ఎరోంబా చేస్తానంది. ఉడికించిన కూరగాయలు, మిరపకాయలు కలిపి మెదిపే వంటకం అది, అందులో ఙారి అనే పులియబెట్టిన చేప పడాలి. ఆ నెల వంట ఒక శాకాహారుల ఇంట్లో. ఙారి డబ్బా మూత తీసేసరికి ఆ ఇంటి అవ్వ "ఇది మా ఇంట్లో కుదరదమ్మా" అని గట్టిగానే చెప్పేసింది. ఆ అమ్మాయి మాట్లాడకుండా డబ్బా మూసేసింది, తర్వాతి నెల రాలేదు.

చాలా సంఘాలు ఇలాంటి చోటే చీలిపోతాయి. అవ్వది తప్పంటే సగం మంది లేచిపోతారు. అమ్మాయిది తప్పంటే ఇక శాంతి అనే మాట బోర్డు మీద నుంచి చెరిపేసుకోవచ్చు. మేం ఇద్దర్నీ సమర్థించుకోమని అడగలేదు. ఎవరింట్లో ఏది వండకూడదో ఆ ఇంటివాళ్ళే ముందు నెలలో చెప్పాలి, ఎవరైనా తమ వంట చేయాలనుకుంటే దానికి తగ్గ ఇల్లు వెతికే బాధ్యత కమిటీది అని రాసుకున్నాం. కొర్లగుంటలో ఒక ముస్లిం కుటుంబం తమ మిద్దె మీద చేసుకోమంది. ఆ అమ్మాయిని ఇద్దరు ఆడవాళ్ళు వెళ్ళి పిలుచుకొచ్చారు. అవ్వ కూడా వచ్చింది, దూరంగా కుర్చీ వేసుకుని కూర్చుని, రోట్లో కాకుండా గిన్నెలోనే ఎందుకు మెదుపుతున్నావని అడిగింది. తినలేదు, ఇప్పటికీ తినదు. కానీ సెలవులకు ఊరెళ్ళి ఆలస్యంగా వస్తే ఆ అమ్మాయికి ఫోన్ చేసేది మాత్రం అవ్వే.

మనకంటే ముందు ఈ పని చేసినవాళ్ళను చూడటం కూడా మంచిది. సర్వాస్ అనే సంస్థ 1949లో డెన్మార్క్‌లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాబ్ లూట్‌వైలర్ అనే అమెరికన్ యువకుడు, అతని మిత్రులు మొదలుపెట్టారు. ప్రయాణికుణ్ణి ఇంట్లో ఉంచుకుని, కలిసి తిని, మాట్లాడుకోవడమే వాళ్ళ పని, అద్దె ఉండదు. సీఐఎస్‌వీ అనే సంస్థ అయితే 1951లో సిన్సినాటిలో మొదటి శిబిరం పెట్టినప్పటి నుంచి వేర్వేరు దేశాల పదకొండేళ్ళ పిల్లల్ని కలుపుతోంది. ఫ్రెండ్‌షిప్ ఫోర్స్ 1977లో జిమ్మీ కార్టర్ మద్దతుతో మొదలైంది. మూడూ మనుషుల్ని కొన్నాళ్ళు ఒకే కప్పు కింద ఉంచుతాయి. మన దగ్గరా ఇలాంటి కథ ఒకటుంది. ఒకప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో కొన్ని రోజులు ఉన్నారు. ఐర్లండ్ నుంచి వచ్చిన జేమ్స్ కజిన్స్ అక్కడి ప్రిన్సిపాల్. ఠాగూర్ జనగణమనను ఇంగ్లిష్‌లోకి రాసింది అక్కడే, ఆయన పాడగా విని స్వరాలు రాసిపెట్టింది జేమ్స్ భార్య మార్గరెట్ కజిన్స్. స్కూళ్ళకు వెళ్ళినప్పుడు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను. మన జాతీయ గీతం కథలో ఒక ఐరిష్ దంపతులూ మన మదనపల్లే ఉన్నాయంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటారు.

ఇక కాగితాల సంగతి. మూడు దారులున్నాయి. ట్రస్టు డీడ్ రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించవచ్చు. త్వరగా అవుతుంది, కానీ పెత్తనం కొద్దిమంది ట్రస్టీల చేతిలోనే ఉండిపోతుంది. కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీ పెట్టవచ్చు, దానికి ఏటా లెక్కల పని, ఖర్చు ఎక్కువ. మేం ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద సొసైటీ చేసుకున్నాం. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. స్నేహం కోసం పెట్టే సంస్థకు ఎన్నికలు, సర్వసభ్య సమావేశం ఉండే పద్ధతే నప్పుతుందని నా అభిప్రాయం. ఆ ఏడుగురూ ఒకే కులం, ఒకే వీధి కాకుండా చూసుకోండి. ఏటా కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. చాలామంది మొదటి ఏడాది ఇచ్చి మర్చిపోతారు, తర్వాత బ్యాంకు అడిగినప్పుడు పరుగులు పెడతారు.

ఆశయాలు రాసేటప్పుడు ఆడిటర్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి. సంస్థకు ఆదాయపు పన్ను మినహాయింపు కోసం 12ఏ రిజిస్ట్రేషన్, దాతలకు పన్ను తగ్గింపు కోసం 80జీ గుర్తింపు కావాలి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో కొత్త చట్టం అమలు 2026 ఏప్రిల్ 1 నుంచి కాబట్టి అందులో సెక్షన్ల నంబర్లు వేరు, వాడుకలో మాత్రం అందరూ పాత పేర్లే అంటారు. పేదల సాయం, చదువు, వైద్యం లాంటి వాటికి చట్టంలో వేరే చోటు ఉంది. స్నేహం, శాంతి అని మాత్రమే రాస్తే సాధారణ ప్రజా ప్రయోజనం అనే చివరి విభాగంలో పడే అవకాశం ఉంది. అందులో పడితే ఫీజు తీసుకుని చేసే పనుల రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. భాషా తరగతులకు ఫీజు పెట్టాలనుకునే వాళ్ళకు ఇది పెద్ద తలనొప్పి. రూ.2,000 దాటిన నగదు విరాళానికి 80జీ వర్తించదు కాబట్టి మొదటి నుంచీ బ్యాంకు ద్వారానే తీసుకోండి.

అమెరికా బంధువుల డబ్బు గురించి అడిగారు. వాళ్ళు ఇంకా భారత పాస్‌పోర్టుతోనే ఉంటే, తమ సొంత సంపాదన మామూలు బ్యాంకు మార్గంలో పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. తిరుపతికి వచ్చి రూపాయల్లో చేతికిచ్చినా అంతే. దానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ కావాలి. సంస్థ పెట్టి మూడేళ్ళు నిండాలి, ఆ మూడేళ్ళలో అసలు కార్యక్రమాల మీద కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, వేరే సంస్థకు ఇవ్వకూడదు, పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు. మా సభ్యుడి బావగారు ఒకరు ఎంతో ప్రేమగా పంపుతానంటే వద్దని చెప్పాల్సి వచ్చింది. ఆయన ఇంకా అలిగే ఉన్నాడు. చిన్న సంస్థకు ఈ టెన్షన్ అనవసరం, ఊళ్ళో చందాలతో నడిచే పనులే పెట్టుకోండి.

విదేశీ అతిథిని ఇంట్లో ఉంచుకుంటే వచ్చిన 24 గంటల్లోపు ఆ వివరాలు ఆన్‌లైన్‌లో అధికారులకు ఇవ్వాలి. ఇది హోటళ్ళకే అనుకుంటారు, ఇళ్ళకూ వర్తిస్తుంది. అతిథి తిరుమల వెళ్ళాలనుకుంటే, దర్శనానికి సంప్రదాయ దుస్తులు, హిందువులు కాని వాళ్ళు స్వామి మీద నమ్మకం ఉందని రాసిచ్చే డిక్లరేషన్ అనే నియమాలున్నాయని ఇంటి దగ్గరే చెప్పండి. క్యూలో తెలిస్తే వాళ్ళకూ ఇబ్బంది, మీకూ ఇబ్బంది. కొత్తవాళ్ళకు నేనైతే మే నెలలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతర చూపిస్తాను. మగవాళ్ళు చీరలు కట్టుకుని వేషాలు వేసుకుని వీధుల్లో తిరుగుతుంటే అడగడానికి వాళ్ళ దగ్గర వంద ప్రశ్నలుంటాయి, చెప్పడానికి మన దగ్గరా బోలెడు ఉంటుంది.

ఇంకొకటి మీకు తప్పకుండా ఎదురవుతుంది. వేర్వేరు మతాల వాళ్ళు, ఒకరిద్దరు విదేశీయులు ఒక ఇంట్లో చేరుతున్నారంటే ఈ ఊళ్ళో మొదట వచ్చే అనుమానం మతమార్పిడి. మా మీద కూడా వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరిగింది. మత ప్రచారం, రాజకీయాలు ఉండవని బైలాస్‌లోనే, అంటే సొసైటీ నియమావళిలోనే, రాసుకున్నాం కాబట్టి ఆ పేజీ చూపించగలిగాం. అంతకంటే ఎక్కువగా పనికొచ్చింది ఏమిటంటే, అనుమానపడ్డ పెద్దమనుషుల్నే తర్వాతి నెల భోజనానికి పిలవడం. ఇద్దరు వచ్చారు, ఒకాయన ఇప్పుడు సభ్యుడు, ఇంకొకాయన తిని వెళ్ళి ఇంకా అనుమానంగానే ఉన్నాడు. స్థానిక పోలీస్ స్టేషన్‌లో మీ కార్యక్రమాల గురించి ముందే ఒక కాగితం ఇచ్చి ఉంచుకోండి.

పేరు విషయానికి వస్తే, ప్రభుత్వ సంస్థ అనిపించేవి, ఇప్పటికే రిజిస్టరైన వాటికి దగ్గరగా ఉన్నవి ఒప్పుకోరు. శాంతి, మైత్రి, విశ్వం ఉన్న పేర్లు చాలావరకు ఎవరో ఒకరు తీసేసుకునే ఉంటారు. రెండు మూడు పేర్లు రాసుకుని వెళ్ళండి.