తోడేలు కథ రాస్తున్న మా మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకు,

అత్త ఆశీస్సులు. నువ్వు పంపిన స్క్రిప్టు ఒక్క బిగిన చదివేశాను. 1815 చలికాలం, కెనడా పడమటి అడవుల్లో బొచ్చు వ్యాపారుల కోట, అందులో తలదాచుకున్న అక్కాచెల్లెళ్లు, అక్క భుజం మీద తోడేలు కాటు. నాకు నచ్చింది. నచ్చింది కాబట్టే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. ఫిల్ము ఎడిట్ చేసే పాత మూవియోలా మెషీన్ల కాలం నుంచి ఎడిటింగ్ టేబుల్ ముందే బతికినదాన్ని కాబట్టి ఏ సీను నిలుస్తుందో, ఏది కత్తెర పాలవుతుందో ఆ లెక్కలోనే చెబుతాను.

అన్నిటికంటే ముందు ఒకటి తేల్చుకో. నీ సినిమా చూసేవాళ్లు ఏ ప్రశ్న పట్టుకుని కూర్చోవాలి? ఇప్పుడున్న డ్రాఫ్టులో గోడ దూకి తోడేళ్లు వస్తాయి, ఒకడు చస్తాడు, మళ్లీ వస్తాయి, ఇంకొకడు చస్తాడు. తర్వాత ఎవరు పోతారా అని చూస్తాం, అంతే. కానీ నీ చేతిలో అంతకంటే పెద్ద ప్రశ్న ఉంది. అక్క మారిపోతోందని చెల్లెలికి తెలుసు. ఎంత దూరం వెనకేసుకొస్తుంది? ఎక్కడ చెయ్యి వదిలేస్తుంది? అసలు వదులుతుందా? తోడేలుని చంపడానికి వేటగాడు చాలు. చిన్నప్పటి నుంచి ఒకే దుప్పట్లో పడుకున్న మనిషి చంపాల్సి రావడమే ఇక్కడి భయం. ప్రతి సీనూ రాసేటప్పుడు ఇది చెల్లెలికి ఇంకొంచెం కష్టం చేసిందా లేదా అని చూసుకో. చెయ్యకపోతే ఎంత బాగా తీసినా తీసెయ్యాల్సిందే.

అందుకే దాచడం మీద కథ నడుపు. ఉదాహరణకి చెల్లెలు అక్కకి తల దువ్వుతూ ఉంటుంది. దువ్వెనకి చిక్కుకున్న వెంట్రుకల్లో నాలుగు ముతకగా, బూడిదరంగులో ఉంటాయి. అక్క చూడకముందే చెల్లెలు వాటిని వేలికి చుట్టుకుని పొయ్యిలో పడేస్తుంది. కాలిన వెంట్రుకల వాసన గదంతా పడుతుంది. పక్క మంచం మీదవాడు తల తిప్పి చూస్తాడు. చెల్లెలు నవ్వి, నా జడ నిప్పుకి తగిలింది అంటుంది. రక్తం చుక్క లేదు, తోడేలు లేదు, కానీ ఆ అబద్ధంతో చెల్లెలు కూడా తప్పులో భాగమైపోయింది. ఇలాంటివి నాలుగు పెట్టుకుంటే తోడేలు మొహం సినిమా సగం దాటాక చూపించినా జనం కదలరు.

నీ కథకి దగ్గరగా ఒక సినిమా ఉంది, నువ్వు చూసే ఉంటావు. 2004లో గ్రాంట్ హార్వీ తీసిన 'జింజర్ స్నాప్స్ బ్యాక్'. అదీ 1815లోనే, కెనడా అడవిలో కోటలోనే, అక్కాచెల్లెళ్లతోనే. 2000లో వచ్చిన మొదటి సినిమాలో స్కూలు పిల్లలుగా కనిపించిన క్యాథరిన్ ఇజబెల్, ఎమిలీ పెర్కిన్స్‌లనే దాదాపు రెండువందల ఏళ్లు వెనక్కి తీసుకెళ్లారు. అందులో ఒంట్లో విషం ఉందో లేదో చూడటానికి జలగ పెడతారు. నీ దాంట్లోనూ జలగ సీను ఉంది. తీసెయ్. బాగోలేదని కాదు. చూసినవాళ్లు వెంటనే పట్టుకుంటారు, ఆ తర్వాత నువ్వు ఏం చెప్పినా వినరు.

దాని బదులు నీళ్ల పరీక్ష పెట్టు. మన ఇళ్లలో కుక్క కరిచిందంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లని పెద్దవాళ్లు భయపెట్టేవాళ్లు కదా, ఆ భయానికి వెనక ఉన్న రేబిస్ జబ్బే ఈ పరీక్షకి ఆధారం, అది ముదిరితే నీళ్లు మింగలేరు. పాశ్చర్ టీకా 1885లో వచ్చింది. నీ కథ కాలానికి రేబిస్ అంటే చావే. బ్రిటిష్ ఉత్తర అమెరికా గవర్నర్‌గా ఉన్న డ్యూక్ ఆఫ్ రిచ్‌మండ్‌ని 1819 వేసవిలో ఒక నక్క కరిచింది. వారాల తరబడి మామూలుగానే తిరిగాడు, ప్రయాణాలు చేశాడు. తర్వాత నీళ్లు చూస్తే వణుకు మొదలైంది. ఆగస్టు 28న చనిపోయాడు. అంత అధికారం ఉన్నవాడికే దిక్కు లేదు. కాటుకీ జబ్బుకీ మధ్య మామూలుగా కనిపించే ఆ వారాలు ఉన్నాయి చూశావా, అవి నీకు దొరికిన నిధి.

కాబట్టి కోట గేటు దగ్గర బయటినుంచి ఎవరొచ్చినా ముంత నిండా నీళ్లిచ్చి తాగమంటారు. తాగుతుంటే అందరూ వాళ్ల గొంతు వంకే చూస్తారు. మొదటిసారి అక్క గటగటా తాగేస్తుంది, మనం ఊపిరి పీల్చుకుంటాం. కొన్నాళ్లకి భోజనాల బల్ల దగ్గర అదే ముంత. నీళ్లు నోట్లోకి వెళ్లాయి, గొంతు మాత్రం కదల్లేదు. చెల్లెలు చూసింది. ముంతని మోచేత్తో తోసి కింద పడేసింది. కెమెరాని గొంతు దగ్గరే ఉంచు, మొహం చూపించకు.

ఇక చరిత్ర. ఇది అలంకారానికి కాదమ్మా, నీ కథకి బలం అంతా ఇక్కడే ఉంది. స్క్రిప్టులో ఒక ఫాదరీని పెట్టావు, బైబిల్ పట్టుకుని అక్కాచెల్లెళ్ల మీద విరుచుకుపడతాడు. అతన్ని తీసెయ్యమని నా మాట. రెడ్ రివర్ ప్రాంతానికే (ఇప్పటి విన్నిపెగ్ వైపు) కాథలిక్ ఫాదరీలు 1818లో గానీ వచ్చి స్థిరపడలేదు. నీ కోట దానికి ఇంకా పడమట ఉంది. అక్కడ ఫాదరీ ఉండడు. ఉండకపోవడమే ఎంత మంచిదో విను.

పడవలు నడిపే వొయాజర్లు చాలామంది క్యూబెక్ పల్లెల నుంచి వచ్చిన ఫ్రెంచి కాథలిక్కులు. వాళ్లతోపాటు 'లూ గరూ' కథ కూడా వచ్చింది. ఏడేళ్లు వరసగా ఈస్టర్‌కి ఫాదరీ దగ్గర పాపాలు చెప్పుకోనివాడు తోడేలైపోతాడని వాళ్ల నమ్మకం. ఇప్పుడు ఆలోచించు. వందల మైళ్ల మేర ఫాదరీ లేని చోట, కాంట్రాక్టు మీద ఏళ్ల తరబడి ఉండిపోయిన మగవాళ్లు చలికాలం రాత్రులు కూర్చుని తమ ఏళ్లు లెక్కపెట్టుకుంటున్నారు. ఒకడికి ఐదు, ఒకడికి ఆరు, మూలన కూర్చున్నవాడు లెక్క చెప్పడు. నీ కోటలో ప్రతివాడూ పక్కవాణ్ణి అనుమానించడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. తిట్టే ఫాదరీ ఒక్కడున్నా ఈ టెన్షన్ అంతా పోతుంది, తప్పంతా అతని మీదికి వెళ్లిపోతుంది.

ఆ కథలోనే ఇంకో ముక్క ఉంది. లూ గరూ ఒంటి నుంచి ఒక్క రక్తపు చుక్క తీస్తే చాలు, మనిషి విడుదలైపోతాడంటారు. వెండి బుల్లెట్టు కంటే ఇది నీకు వందరెట్లు పనికొస్తుంది. చంపక్కర్లేదు, గాయం చేస్తే చాలు. కానీ ఎంత గాయం? నమ్మకం నిజమో కాదో ఎవరికీ తెలియదు. చెల్లెలి చేతిలో కుట్టుపని సూది ఉంది. అక్క నిద్రపోతోంది. క్లైమాక్స్‌లో నువ్వు రాసిన గొడ్డలి పక్కన పెట్టి ఈ సూదితో ఒకసారి రాసి చూడు.

విందిగో జోలికి మాత్రం పోకు. అది అక్కడి ఆదివాసులైన క్రీ, ఒజిబ్వే జనాల దయ్యం. ఆకలి, మనుషుల్ని తినడం చుట్టూ అల్లుకున్న భయం అది. వాళ్లకి అది ఈనాటికీ కాలక్షేపం కథ కాదు. నీకు లూ గరూ ఉండగా దాంతో పనేముంది? అలాగే గుడారంలో కూర్చుని జోస్యం చెప్పే ముసలామె. ఆ పాత్ర అలా ఉంటే నేను ఒప్పుకోను. ఆ కోటలు నిలబడిందే క్రీ ఆడవాళ్ల చేతుల మీద. మంచు మీద నడిచే బూట్లకి తోలు వల అల్లింది, మొకాసిన్లనే మెత్తటి తోలు చెప్పులు కుట్టింది, తోళ్లు శుభ్రం చేసింది, మాంసం దంచి పెమ్మికన్ చేసింది వాళ్లే. వ్యాపారులు చాలామంది వాళ్లని పెళ్లాడారు, పిల్లల్ని కన్నారు, కొందరు వదిలేసి వెళ్లిపోయారు. నీ కోటలో అలాంటి ఒకామెని పెట్టు. ఆమెకి పని ఉండాలి, కోపం ఉండాలి, అక్కాచెల్లెళ్లని కాపాడాల్సిన అవసరం ఆమెకి లేదన్న సంగతి తెలియాలి. ఆమె మాట్లాడే మాటలు నువ్వు ఊహించి రాయకు. నువ్వున్నది ఎడ్మంటన్‌లో. క్రీ భాష మాట్లాడేవాళ్లు నీ ఊళ్లోనే ఉన్నారు. వెళ్లి అడుగు, డబ్బిచ్చి సలహాదారుగా పెట్టుకో, టైటిల్స్‌లో పేరు వెయ్యి.

నీ ఇద్దరమ్మాయిలు కోటలోకి అడుగుపెట్టగానే మగవాళ్లందరూ ఎందుకు నిశ్చేష్టులవుతారో స్క్రిప్టులో చెప్పలేదు. అప్పటికి రెడ్ రివర్‌కి ఇంకా పడమట ఉన్న ఆ కోటల్లో యూరప్ ఆడవాళ్లు దాదాపు లేరు. స్కాట్లండ్‌లోని ఆర్క్నీ దీవుల నుంచి ఇసబెల్ గన్ అనే ఆమె 1806లో జాన్ ఫబిస్టర్ అని పేరు పెట్టుకుని, మగవేషంలో హడ్సన్స్ బే అనే బొచ్చు వ్యాపార కంపెనీలో కూలికి చేరింది. మగవాళ్లతో సమానంగా బరువులు మోసింది. 1807 డిసెంబరులో పెంబినా దగ్గర బిడ్డని కన్నప్పుడు గానీ సంగతి బయటపడలేదు. క్యూబెక్ నుంచి మరీ-యాన్ గబురీ తన మొగుడితో 1806లో బయల్దేరి వచ్చి, ఏళ్లపాటు అడవుల్లో, కోటల్లో సంసారం చేసింది. తర్వాత కాలంలో తిరుగుబాటు నాయకుడిగా పేరు మోగిన లూయీ రియెల్‌కి అమ్మమ్మ ఆవిడ. వీళ్లిద్దరి గురించి చదువు. గోడ బయట తోడేలు, లోపల నెలల తరబడి తమ దేశపు ఆడమనిషిని చూడని మగవాళ్లు. తలుపు ఎటువైపు గడియ పెట్టుకోవాలో తెలియని పరిస్థితి నీ అమ్మాయిలది. నీ డ్రాఫ్టులో ఈ రెండో భయం ఒక్క డైలాగుతో అయిపోయింది. దానికి చోటు పెంచు.

ఆకలి సంగతి కూడా చూసుకో. స్క్రిప్టులో అందరూ రొట్టెలు తింటున్నారు! పిండి ఎక్కడిది? పెమ్మికన్ అంటే ఎండబెట్టి దంచిన బైసన్ మాంసంలో కరిగించిన కొవ్వు పోసి తోలు సంచుల్లో కుక్కింది. ఒక్కో సంచి సుమారు 90 పౌండ్లు. ఆ సంచుల కోసమే హడ్సన్స్ బే కంపెనీ, నార్త్ వెస్ట్ కంపెనీ కొట్టుకుచచ్చాయి. 1814 జనవరిలో హడ్సన్స్ బే వైపువాడైన రెడ్ రివర్ గవర్నర్ పెమ్మికన్ బయటికి పంపకూడదని హుకుం వేశాడు. 1816 జూన్ 19న సెవెన్ ఓక్స్ దగ్గర కాల్పుల్లో కొత్త గవర్నర్ సెంపుల్‌తో సహా 21 మంది హడ్సన్స్ బే వైపు వాళ్లు పోయారు. 1821లో రెండు కంపెనీలూ కలిసిపోయేదాకా ఇదే గొడవ. నీ 1815 చలికాలం సరిగ్గా ఈ మధ్యలో పడింది. సరుకు రాకపోతే తోడేళ్లు ఆపాయా, అవతలి కంపెనీవాళ్లు ఆపారా అని కోటలో ఎవరికీ తెలియకూడదు.

తుపాకులు చెకుముకి తుపాకులు. ఒక్క గుండు, మళ్లీ మూతి దగ్గర మందు కూరాలి. మంచుకి మందు తడిస్తే పేలదు. నీ సీనులో ఒకడు వరసగా మూడుసార్లు కాల్చాడు, సరిచెయ్.

కిటికీలకి అద్దాలు పెట్టకు. ఆ కాలం కోటల్లో ఎక్కువ చోట్ల గీకి పల్చన చేసిన తోలే బిగించేవాళ్లు. వెలుతురు వస్తుంది, బయట ఏముందో కనపడదు, నీడ మాత్రం పడుతుంది. హారర్ తీసేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? ఎడ్మంటన్‌లో కట్టి ఉంచిన పాతకోట పార్కులో షూటింగ్ అన్నావు. అది 1846 నాటి కోటకి నమూనా అని గుర్తుంచుకో. ఆ పెద్ద ఇంటిని ఫ్రేములోకి రానివ్వకు. గోడ మూలలు, పక్క షెడ్లు, గేటు వరకే తీసుకో.

సౌండ్ గురించి నాకు మాట్లాడాలని ఎప్పుడూ ఉంటుంది, కొంచెం ఓపిక పట్టు. తోడేళ్లు చందమామని చూసి కూయవు. ఒకదానికొకటి చెప్పుకోవడానికి కూస్తాయి. ఒక్కొక్కటీ ఒక్కో స్థాయిలో గొంతెత్తడం వల్ల మూడు నాలుగు కూసినా పెద్ద మంద కూసినట్టు ఉంటుంది. నీ కోటలోవాళ్లు బయట ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేరు. అంతకంటే పెద్ద శబ్దం ఇంకోటుంది. గడ్డకట్టే చలికి చెట్ల బోదెలు చిట్లి తుపాకి పేలినట్టు ఢామ్మంటాయి. అర్ధరాత్రి ఆ శబ్దం వస్తే కాపలావాడు కాల్చాడో, చెట్టు చిట్లిందో తెలియక అందరూ లేచి కూర్చుంటారు. గట్టి చలిలో మంచు మీద అడుగేస్తే కిర్రుమంటుంది. అది లైబ్రరీ నుంచి తీసుకోకు, అక్కడే రికార్డు చెయ్. రెండు కాళ్ల నడకే ముందు వినపడాలి. అది నాలుగు కాళ్లుగా ఎప్పుడు మారిందో చూసేవాడు తనంతట తాను పట్టుకోవాలి. అక్కడ మ్యూజిక్ అస్సలు వద్దు.

రెండో డ్రాఫ్టు పంపేటప్పుడు అక్కాచెల్లెళ్లు ఇద్దరే ఉన్న సీన్లు విడిగా ఒక ఫైలు చేసి పంపు. నేను ముందు అవే చదువుతాను. వాటంతట అవే ఒక కథలా నడుస్తుంటే మిగతాది ఎలాగైనా సర్దుకోవచ్చు. జనవరిలో షూటింగ్ కాబట్టి బ్యాటరీలు చలికి త్వరగా దిగిపోతాయి, స్పేర్‌వి లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోమని కెమెరావాళ్లకి చెప్పు. బయటినుంచి వెచ్చని గదిలోకి తెచ్చేముందు కెమెరాని ప్లాస్టిక్ కవర్లో మూసెయ్యాలి, లేకపోతే లెన్స్ మీద తేమ పడుతుంది. మేకప్ రక్తం కూడా గడ్డకడుతుంది, ముందురోజే బయట పెట్టి చూసుకోండి.

ఇట్లు,
మీ అత్త