ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్: పాఠకుల సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. విండోస్‌ను అలాగే ఉంచుకుని ఉబుంటు అనే లినక్స్ కూడా వేసుకోవాలనుకుంటున్నాను. ఉన్న ఫైళ్లు పోకుండా ఎలా చేయాలి?

జవాబు: పని మొదలుపెట్టాల్సింది విండోస్‌లో. చాలామంది నేరుగా పెన్‌డ్రైవ్ తయారీతో మొదలుపెడతారు. ఉబుంటు ఎక్కించడం చాలావరకు దానంతటదే జరిగిపోతుంది. ఫైళ్లు పోయేదీ, మెషిన్ మొరాయించేదీ ఎక్కువగా దానికి ముందు చేయాల్సిన పనులు వదిలేసినప్పుడే.

ముందు బ్యాకప్. అది వేరే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకే తీసుకోవాలి. సీ డ్రైవ్‌లో ఉన్నవి డీ డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే బ్యాకప్ అయినట్టు కాదు. రెండూ ఒకే ఎస్‌ఎస్‌డీ మీద ఉంటాయి కాబట్టి, పార్టిషన్ టేబుల్ (డిస్క్‌లోని భాగాల జాబితా) చెడితే రెండూ కలిసే పోతాయి.

తర్వాత బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) సంగతి చూడండి. మీరు ఎప్పుడూ ఆన్ చేయకపోయినా అది ఆన్‌లో ఉండొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ తనంతట తనే మొదలవుతుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ విభాగంలో తెలిసిపోతుంది. ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కీ అదే ల్యాప్‌టాప్‌లో దాచుకుంటే అవసరానికి అక్కరకు రాదు. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌లనే లేవనిచ్చే రక్షణ) సెట్టింగ్ మారినా, బూట్ అయ్యే దారి మారినా మదర్‌బోర్డులోని టీపీఎం చిప్ డిస్క్‌ను తెరవనివ్వకపోవచ్చు. అప్పుడు నీలి తెర మీద ఆ 48 అంకెలూ అడుగుతుంది. కీ లేకపోతే మీ డేటాను ఎవరూ వెనక్కి తేలేరు. మా సలహా: పని అయ్యేదాకా ఎన్‌క్రిప్షన్ పూర్తిగా ఆఫ్ చేయండి. డీక్రిప్షన్ ముగిసేవరకు ఆగి, ఆ తర్వాతే ముందుకు వెళ్లండి.

ఇక ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) ఉన్న స్థితిని డిస్క్‌లో రాసిపెట్టి పడుకుంటుంది. అలా ఉన్న డ్రైవ్‌లో లినక్స్ నుంచి రాస్తే ఫైల్ సిస్టమ్ చెడిపోతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్ ఏం చేయాలో ఎంచుకునే పేజీలో ఆ టిక్ తీసేయండి. టిక్ బూడిద రంగులో కనిపిస్తూ కదలకపోతే, అదే పేజీలో పైన ఉన్న 'చేంజ్ సెట్టింగ్స్' లింకు నొక్కాలి.

ఇప్పుడు చోటు. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి శ్రింక్ వాల్యూమ్ ఎంచుకోండి. అక్కడ సైజు ఎంబీల్లో అడుగుతుంది; 100 జీబీ కావాలంటే 102400 అని టైప్ చేయాలి. ఉబుంటు డెస్క్‌టాప్‌కు 25 జీబీ చాలంటారు గానీ, అప్‌డేట్లు, పాత కెర్నళ్లు, స్నాప్ ప్యాకేజీలు చేరాక అది ఇరుకైపోతుంది. 512 జీబీ డిస్క్‌లో 80 నుంచి 100 జీబీ ఇవ్వడం మంచిది. సీ డ్రైవ్‌లోనూ కనీసం 40 జీబీ ఖాళీ మిగలాలి, లేకపోతే విండోస్ పెద్ద అప్‌డేట్లకు చోటు చాలకపోవచ్చు. వచ్చిన ఖాళీని 'అన్‌అలొకేటెడ్'గానే వదిలేయండి. దానికి డ్రైవ్ లెటర్ ఇవ్వొద్దు, ఫార్మాట్ చేయొద్దు.

8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో ఉబుంటు ఐఎస్‌ఓ (ఇన్‌స్టాలర్) ఫైల్ ఎక్కించండి. పార్టిషన్ స్కీమ్ జీపీటీ, టార్గెట్ సిస్టమ్ యూఈఎఫ్‌ఐ (కంప్యూటర్‌ను లేపే కొత్త పద్ధతి) అని ఉండాలి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కండి. కంపెనీని బట్టి అది ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్‌లలో ఏదో ఒకటి అవుతుంది. కొన్ని మెషిన్లలో ఒకే పెన్‌డ్రైవ్ జాబితాలో రెండుసార్లు కనిపిస్తుంది. పేరు ముందు యూఈఎఫ్‌ఐ అని ఉన్నదాన్నే ఎంచుకోండి. రెండోదాంతో వెళ్తే లినక్స్ పాత బయోస్ పద్ధతిలో ఎక్కుతుంది, విండోస్ ఏమో యూఈఎఫ్‌ఐలో ఉంటుంది. అప్పుడు లినక్స్ చూపించే బూట్ మెనూ నుంచి విండోస్ బూట్ కాదు.

ఇన్‌స్టాలర్‌లో 'విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేయి' అనే ఆప్షన్ కనిపిస్తే అది చాలు. 'ఎరేజ్ డిస్క్' జోలికి పోవద్దు. పార్టిషన్లు మీరే చేసుకుంటే ఖాళీ చోటులో ఈఎక్స్‌టీ4 (లినక్స్ వాడే ఫార్మాట్) పార్టిషన్ ఒకటి చేసి, దాన్ని రూట్‌గా (/) పెట్టండి. స్వాప్ ఫైల్‌ను (ర్యామ్ చాలనప్పుడు వాడేది) ఉబుంటు తనే తయారు చేసుకుంటుంది. డిస్క్ మొదట్లో 100 ఎంబీ లేదా అంతకు కాస్త ఎక్కువ ఉండే ఫ్యాట్32 పార్టిషన్ ఈఎఫ్‌ఐది. విండోస్ బూట్ ఫైళ్లు అందులోనే ఉంటాయి, ఉబుంటు తన ఫోల్డర్‌ను వాటి పక్కనే పెట్టుకుంటుంది. దాన్ని వాడుకోవచ్చు గానీ ఫార్మాట్ టిక్ మాత్రం పెట్టకూడదు. పెడితే సీ డ్రైవ్ చెక్కుచెదరకుండా ఉన్నా విండోస్ లేవదు.

ప్రశ్న: సీ డ్రైవ్‌లో 200 జీబీ ఖాళీ ఉంది. కానీ శ్రింక్ చేయబోతే 9 జీబీ మాత్రమే ఇస్తానంటోంది. ఎందుకు?

జవాబు: ఖాళీ ఉన్నా, డ్రైవ్ చివర్లో విండోస్ కదపలేని ఫైలు ఏదో కూర్చుని ఉంది. పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడేది), హైబర్నేషన్ ఫైల్, సిస్టమ్ రీస్టోర్ కాపీలు ఈ పని చేస్తాయి. శ్రింక్ అలాంటి ఫైలు దాకా వచ్చి ఆగిపోతుంది. ఈ మూడింటినీ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. సిస్టమ్ ప్రొటెక్షన్ ఆపితే పాత రీస్టోర్ పాయింట్లు పోతాయని గుర్తుంచుకోండి. చోటు వచ్చాక పేజ్ ఫైల్‌ను తప్పనిసరిగా తిరిగి ఆన్ చేయాలి.

ప్రశ్న: పెన్‌డ్రైవ్‌తో ఉబుంటు తెరుచుకుంది గానీ, ఇన్‌స్టాలర్‌లో నా ఎస్‌ఎస్‌డీ కనిపించడం లేదు. డిస్క్ పాడైందా?

జవాబు: విండోస్ మామూలుగా నడుస్తోందంటే డిస్క్‌కు ఏమీ కాలేదు. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో స్టోరేజ్‌ను ఆర్‌ఎస్‌టీ లేదా రెయిడ్ మోడ్‌లో పెట్టి అమ్ముతుంటారు. ఆ మోడ్‌లో ఉన్న డిస్క్‌ను లినక్స్ ఇన్‌స్టాలర్ చూడలేకపోవచ్చు. బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ చేసేటప్పుడు తెరిచే సెట్టింగ్స్ తెరలో) దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మార్చాలి. అయితే ఉన్నపళంగా మార్చేస్తే విండోస్ నీలి తెర చూపి ఆగిపోతుంది, ఎందుకంటే బూట్ సమయంలో ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ను లోడ్ చేసుకోవడానికి అది సిద్ధంగా ఉండదు.

వరుస ఇదీ: విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ అనే సెట్టింగ్స్ టూల్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టండి. రీస్టార్ట్ చేసి నేరుగా బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ ఎంచుకుని సేవ్ చేయండి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి డ్రైవర్‌ను అమర్చుకుంటుంది. తర్వాత ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేయండి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకోండి. పైన చెప్పిన బిట్‌లాకర్ జాగ్రత్త ఇక్కడ మరీ అవసరం.

ప్రశ్న: ఉబుంటు విజయవంతంగా ఎక్కిందని చూపించింది. కానీ ఆన్ చేస్తే ఎప్పటిలా విండోసే వస్తోంది.

జవాబు: ఉబుంటు ఎక్కడికీ పోలేదు. బయోస్ బూట్ జాబితాలో 'విండోస్ బూట్ మేనేజర్' పైన ఉంది, అంతే. 'ఉబుంటు' అనే ఎంట్రీని మొదటి స్థానానికి జరపండి. విండోస్ పెద్ద అప్‌డేట్ల తర్వాత ఈ క్రమం తిరిగి తారుమారు కావచ్చు. అప్పుడూ ఇదే మందు, మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.

దీనికి ఎదురు సమస్య కూడా ఒకటుంది: ఏ సిస్టమ్ కావాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది, అందులో విండోస్ కనిపించదు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్ మామూలుగా ఆఫ్‌లో ఉంటోంది. గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్‌లో దాన్ని డిసేబుల్ చేసే లైను విలువను 'ఫాల్స్' చేసి, గ్రబ్‌ను అప్‌డేట్ చేస్తే విండోస్ మెనూలోకి వస్తుంది.

ప్రశ్న: ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే గడియారం కొన్ని గంటలు తప్పు చూపిస్తోంది. బ్యాటరీ మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని లినక్స్ అనుకుంటుంది. మీ టైమ్ జోన్‌కు యూటీసీతో ఎంత తేడా ఉందో సరిగ్గా అంతే తప్పు వస్తుంది. ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో లోకల్ ఆర్‌టీసీ విలువను 1 చేస్తే సరిపోతుంది. వేసవి, చలికాలాల్లో గడియారాలు మార్చే దేశాల్లో మాత్రం రెండు సిస్టమ్‌లూ విడివిడిగా గంట సవరించే ప్రమాదం ఉంది. అక్కడ విండోస్ రిజిస్ట్రీలోనే యూటీసీకి మార్చడం మేలు.

ప్రశ్న: ఉబుంటులో నా డీ డ్రైవ్ తెరుచుకుంటోంది గానీ, అందులో కొత్త ఫైలు సేవ్ కావడం లేదు.

జవాబు: విండోస్ పూర్తిగా ఆగలేదు. హైబర్నేట్ అయి ఉంది, లేదా ఫాస్ట్ స్టార్టప్ మళ్లీ ఆన్ అయింది. ఆ స్థితిలో ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫార్మాట్) డ్రైవ్‌లో రాస్తే ఫైల్ సిస్టమ్ చెడిపోతుంది కాబట్టి లినక్స్ చదవడానికే అనుమతిస్తుంది. దాన్ని బలవంతంగా తెరిచే కమాండ్లు వాడొద్దు. విండోస్‌లోకి వెళ్లి, ఫాస్ట్ స్టార్టప్ ఆపి, షట్‌డౌన్ చేసి రండి.

ప్రశ్న: ఉబుంటు తీసేయాలనుకుంటున్నాను. ఆ పార్టిషన్ డిలీట్ చేస్తే చాలా?

జవాబు: ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటి స్థానంలో పెట్టి, విండోస్ నేరుగా లేస్తోందని చూసుకోండి. ఆ తర్వాతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ పార్టిషన్లు డిలీట్ చేయండి. వరుస తప్పితే గ్రబ్ తన ఫైళ్లు దొరక్క నల్ల తెర మీద ఆగిపోతుంది. విండోస్‌కు అప్పటికీ ఏమీ కాదు, బూట్ మెనూ కీతో దాన్ని లేపొచ్చు. ఆ ఖాళీ సీ డ్రైవ్‌కు ఆనుకునే ఉంటుంది కాబట్టి ఎక్స్‌టెండ్ వాల్యూమ్‌తో కలిపేయొచ్చు. ఆ ఆప్షన్ పనిచేయకపోతే మధ్యలో స్వాప్ లాంటి చిన్న పార్టిషన్ ఏదైనా మిగిలిందేమో చూడండి. డిస్క్ చివర ఉండే విండోస్ రికవరీ పార్టిషన్‌ను మాత్రం లినక్స్‌ది అనుకుని తీసేయకండి.