గుండుసూదుల దగ్గర ఆగాల్సింది

చిరంజీవి బాబుకు,

ఆశీస్సులు. సొంత కారు వద్దనుకుని గుర్రబ్బగ్గీల్లో తిరిగే ఆమిష్ క్రైస్తవుల మీద నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆరో పేజీ దగ్గర కాగితాలు పక్కన పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. 'ఆ పల్లెల్లో కాలం ఆగిపోయింది' అని రాశావే, అక్కడ. ముప్పై ఏళ్లుగా ఈ వాక్యం చదువుతున్నాను. న్యూజెర్సీ నుంచో వర్జీనియా నుంచో శనివారం కారేసుకుని పెన్సిల్వేనియాలో మా లాంకస్టర్ వచ్చి, రూట్ 340 మీద రెండు గుర్రబ్బగ్గీలు చూసి, ఒక ఆపిల్ బటర్ సీసా కొనుక్కుని వెళ్లినవాళ్లంతా ఇదే రాస్తారు. నువ్వు కూడా రాసేసరికి మనసు చివుక్కుమంది.

రెండోసారి చదివింది మీ అమ్మగారి కోసం. నాలుగో పేజీలో ఆవిడ మార్కెట్లో ఊరగాయల కొట్టు ముందు నిలబడుతుంది. సీసా అందిస్తున్న ఆమిష్ ఆవిడ గౌనుకు బొత్తాలు లేవు, ముందువైపు వరసగా గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. అది చూసి మీ అమ్మగారు తన పైట మడతల మీది పిన్నీసును ఒకసారి తడుముకుంటుంది. అంతే, రెండు వాక్యాలు. చాలా బాగున్నాయి. ఆ తర్వాత నువ్వు అమ్మను కొట్టు ముందే వదిలేసి ఆధునిక నాగరికత గురించి రెండు పేజీలు రాశావు. ఆ రెండు పేజీలు కొట్టెయ్యి. ఒక్క మాట కూడా ఉంచకు.

కాలం సంగతి చెబుతాను. 1900 ప్రాంతంలో ఈ దేశంలో ఆమిష్ వాళ్లు ఐదారు వేలమంది. ఇప్పుడు 4 లక్షలు దాటారు. లాంకస్టర్‌లో ఇంతమంది కొడుకులకు పంచడానికి భూమి ఎక్కడుంది? ధర ఎప్పుడో ఆకాశానికంటింది. అందుకే చాలామంది సేద్యం వదిలి వడ్రంగంలోకి, ఇళ్ల కట్టుబడిలోకి, తోట షెడ్ల తయారీలోకి వచ్చేశారు. కొందరు ఇంకో రాష్ట్రానికే వెళ్లిపోయారు. ఇది కాలం ఆగిన ఊరు కాదు బాబూ. కాలంతో రోజూ తగువు పడుతున్న ఊరు.

ఫోను సంగతే చూడు. 1910 ప్రాంతంలో ఇక్కడి సంఘంలో దాని గురించి పెద్ద గొడవే అయింది, కొన్ని కుటుంబాలు విడిపోయాయి కూడా. ఫోను ఇంట్లో వద్దన్నారు కానీ అసలు ముట్టుకోవద్దనలేదు. అందుకే ఇప్పటికీ పొలం దారి చివర చిన్న చెక్క గది, అందులో ఒక ఫోను కనిపిస్తాయి. భోజనం దగ్గర కూర్చున్న మనిషిని ఫోను లేపకూడదని వాళ్ల పట్టుదల. కారు సొంతానికి ఉండకూడదు, కిరాయికి ఎక్కొచ్చు. ఊరి లైను నుంచి ఇంట్లోకి కరెంటు తీగ రాకూడదు, కానీ డీజిల్ ఇంజనుతో గాలిని నొక్కిపెట్టి ఆ గాలితో మిషన్లు తిప్పుకోవచ్చు. ఈ కట్టుబాట్లను వాళ్లు ఓర్డ్‌నుంగ్ అంటారు. ఏడాదికి రెండుసార్లు, ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షరసం కలిసి పంచుకునే ఆరాధనకు) ముందు, పాతిక నలభై కుటుంబాల సంఘం ఒకచోట కూర్చుని మళ్లీ అందరూ ఒప్పుకోవాలి. ఒప్పుదల కుదరకపోతే ప్రభువు బల్ల ఆగిపోతుంది. ఇంత మల్లగుల్లాలు పడేవాళ్లను పట్టుకుని కాలం ఆగిపోయిందంటే వాళ్ల కష్టాన్ని మనం లెక్కలోకి తీసుకోనట్టే.

ఇంకొక తప్పు. నీ రెండో పేజీలో ఆమిష్ అమ్మాయి చిన్నచిన్న పూల గౌను వేసుకుని సైకిల్ మీద వెళ్తుంది. లాంకస్టర్ ఆమిష్ ఆడవాళ్లు పూల గుడ్డ కట్టరు, ఒకటే రంగు. సైకిలూ తొక్కరు, కాలితో తోసుకుంటూ వెళ్లే స్కూటర్ వాడతారు. నువ్వు చూసిన పిల్ల పాతకట్టు మెనోనైట్ల పిల్ల అయి ఉంటుంది, వాళ్లు ఆమిష్ వాళ్లకు దాయాదుల్లాంటి ఇంకో క్రైస్తవ సంఘం. వాళ్ల బగ్గీ నలుపు, ఆమిష్ బగ్గీ బూడిద రంగు. ఇదే ఆమిష్ వాళ్లు ఒహాయోలో నల్ల బగ్గీ కడతారు. ఒక్కో లోయలో ఒక్కో పద్ధతి. మన దగ్గర నల్గొండ మాటను, నెల్లూరు మాటను ఒకటిగా రాస్తే నీకు ఒళ్లు మండదా? వాళ్లకూ అంతే.

ఇక నేను మొదటి నుంచీ పట్టుకున్న మాట ఒకటుంది, అది చెప్పకుండా ఉండలేను. కారు అద్దంలోంచి మనుషుల్ని మెచ్చుకోకు. వాళ్లతో ఏదో ఒక పని పెట్టుకో. కొను, అమ్ము, బేరమాడు, ఒక బరువు అటు చివర నువ్వు పట్టుకో. డబ్బులు చేతులు మారేటప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందో అప్పుడు చూడు. అది చూశాక రాయి.

నేను ఇక్కడ ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో 19 ఏళ్లు పనిచేశాను. ఆమిష్ వాళ్లలో ఎక్కువమందికి ఇన్సూరెన్స్ ఉండదు. బిల్లు పెద్దదైతే సంఘం భరిస్తుంది. దానికో పెద్ద ఉంటాడు, వాళ్ల భాషలో ఆయన్ని పేదల సేవకుడంటారు. 1994 చలికాలంలో ఒక మధ్యాహ్నం ముగ్గురు మగవాళ్లు వచ్చారు. నల్ల ఫెల్ట్ టోపీలు తీసి మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. ఒకడు పాతికేళ్లవాడు, ఆసుపత్రిలో ఉన్న బిడ్డ తండ్రి. మీసం లేకుండా గడ్డం అప్పుడప్పుడే వస్తోంది, వాళ్లు గడ్డం పెంచేది పెళ్లయ్యాకే, అంటే పెళ్లయి ఎంతో కాలం కాలేదన్నమాట. వేళ్ల సందుల్లో వార్నిష్ మరకలు. మాట్లాడింది పెద్దాయన. బిల్లు మొత్తం 11,860 డాలర్లు. ఆయన కళ్లజోడు పెట్టుకుని ప్రతి లైనూ వేలితో చూపిస్తూ చదివాడు. ఒకచోట ఆగి, ఈ మందు బిల్లులో రెండుసార్లు వేశారు, బిడ్డకు ఒక్కసారే ఇచ్చారు కదా అన్నాడు. చూస్తే నిజమే. తర్వాత, ఇవాళే మొత్తం కట్టేస్తే ఎంత తగ్గిస్తారని అడిగాడు. నేను లోపలికి వెళ్లి అడిగి వచ్చి ఒక అంకె చెప్పాను. ఇంకొంచెం చూడండమ్మా అన్నాడు. మళ్లీ వెళ్లాను. మా అమ్మ పాలమూరు గంజ్ బజారులో కందిపప్పు బేరమాడినట్టే ఉంది. ఎక్కడా నవ్వు లేదు, ఎక్కడా తొందర లేదు.

చివరికి చెక్కు పుస్తకం తీశాడు. దానితో పాటు జేబులోంచి ఒక ఖాళీ విత్తనాల కవరు వచ్చింది. బీట్‌రూట్ బొమ్మ ఉంది దాని మీద. వెనకవైపు పెన్సిల్‌తో పేర్లు, ఎదురుగా అంకెలు. ఎవరెంత ఇచ్చారో రాసుకున్నాడు. 400 ఉంది, 250 ఉంది, కింద ఒకచోట 12 ఉంది. నేను తగ్గించాక కట్టాల్సిన మొత్తాన్ని ఆ కవరు మీదే తీసివేత చేసి, మిగిలినదాని కింద గీత గీశాడు. ఇది ఎవరికి తిరిగి ఇస్తారని అడిగాను. 12 ఇచ్చినాయనకు ముందు, అన్నాడు. అంతసేపూ నోరు విప్పని ఆ కుర్ర తండ్రి అప్పుడు తల పక్కకు తిప్పుకున్నాడు.

ఆ రోజు వాళ్లతో నాలుగేళ్ల మనవడు కూడా వచ్చాడు. నా బొట్టుకేసి చూస్తూ తాతను, డచ్ అని పిలుచుకునే వాళ్ల జర్మన్ యాసలో ఏదో అడిగాడు. ఏమంటున్నాడని అడిగితే, మీరు కూడా ఇంగ్లీషు వాళ్లేనా అంటున్నాడని చెప్పాడాయన. వాళ్లు కాని వాళ్లందరూ వాళ్లకు ఇంగ్లీషు వాళ్లే. పాలమూరులో పుట్టి, ఇరవై ఏళ్లు వచ్చేదాకా ఇంగ్లీషులో నాలుగు మాటలు తడబడకుండా మాట్లాడలేని నేను, ఆ పిల్లవాడి లెక్కలో ఇంగ్లీషుదాన్ని. ఆ మాట నాలో ఇంకా ఉంది.

ఇదంతా కథగా రాసి హైదరాబాదులో ఒక వారపత్రికకు పంపాను. ఆ సంపాదకుడు తిప్పి పంపుతూ రెండు సలహాలిచ్చాడు. కథలో బిల్లు లెక్కలెందుకు, తీసెయ్యండి. ఆ కుర్రాడికీ ఒక తెలుగమ్మాయికీ ప్రేమ పెట్టండి, పాఠకులు చదువుతారు. బిడ్డ ఆసుపత్రిలో ఉన్న తండ్రికి ప్రేమ కథ! నేను ఒప్పుకోలేదు. ఆరేళ్లు ఆ కథ సూట్‌కేసులో ఉంది. చివరికి ఒక చిన్న పత్రిక వేసుకుంది, అక్కడ కూడా నన్నడగకుండా విత్తనాల కవరు పేరా కోసేశారు, జాగా చాల్లేదట. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది. అమెరికా కథ అంటే మంచు, ఒంటరితనం, ఆవకాయ బెంగ ఉండాలని అప్పటి ఫ్యాషన్. ఇప్పుడు ఇంకో ఫ్యాషన్ వచ్చింది, ఎవరిని చూసినా అందులో మనకో గుణపాఠం వెతకడం. నీ కథ దీంట్లో పడింది.

నీ చివరి పేజీలో 'క్షమించడం వాళ్ల రక్తంలో ఉంది' అన్నావు. నికెల్ మైన్స్ ఆమిష్ బడి గురించి విని రాసినట్టున్నావు. 2006 అక్టోబర్ 2న ఆ బళ్లో పదిమంది ఆడపిల్లల మీద కాల్పులు జరిగాయి, ఐదుగురు పోయారు. చంపినవాడు ఆ చుట్టుపక్కల పాల లారీ నడిపేవాడే. తర్వాత తనను తాను కాల్చుకున్నాడు. ఆ సాయంత్రమే కొందరు ఆమిష్ వాళ్లు అతని కుటుంబం దగ్గరికి వెళ్లారు, తర్వాత అతని అంత్యక్రియలకు కూడా వెళ్లారు. పది రోజుల్లో ఆ బడి పడగొట్టి గడ్డి మొలిపించారు. నేనప్పుడు ఇక్కడే ఉన్నాను. ఆ వారం మా కౌంటర్ దగ్గర గొంతు పెంచి మాట్లాడినవాళ్లు లేరు. క్షమ అంటే ముందు ఒక నిర్ణయం, మనసు ఎప్పటికో నెమ్మదిగా దాని వెనక వస్తుందని వాళ్లు చెప్పుకుంటారు. పోయిన పిల్లల తల్లిదండ్రులు ఆ నిర్ణయాన్ని ప్రతి ఉదయం మళ్లీ తీసుకోవాలి. రక్తంలో ఉంది అనేస్తే ఆ తల్లి పడే పాట్లన్నీ ఒక్క మాటతో తుడిచేసినట్టే. ఆ వాక్యం తీసెయ్యి.

నీ కథానాయకుడు ఫోనుతో దొంగచాటుగా ఆ అమ్మాయి ఫొటో తీస్తాడు, అది ప్రేమగా రాశావు. వాళ్లు ఫొటోకు నిలబడరు, రూపం చేసుకోవద్దన్న ఆజ్ఞ అనుకుంటారు, గర్వం వస్తుందనుకుంటారు. అది తెలిసి తీశాడంటే అతన్ని నేను నమ్మను. తెలియక తీశాడంటే తెలిసే దృశ్యం ఒకటి రాయి.

మీ అమ్మగారిది నాగర్‌కర్నూల్ వైపు అని రాశావు కదా. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. చిన్నప్పుడు మా ఇంటి వెనక సందులో ఎం.బి. చర్చి ఉండేది. మాకది ఎం.బి. చర్చే, ఆ అక్షరాలేమిటో ఎవరూ అడగలేదు. చెరువు నిండిన రోజుల్లో బాప్తిస్మాలు చూడటానికి పరిగెత్తేవాళ్లం. తెల్లచీరల్లో పెద్ద ఆడవాళ్లు నడుముల్లోతు నీళ్లలోకి దిగేవాళ్లు, పాస్టరు అడిగినదానికి పైకి ఒప్పుకునేవాళ్లు, అప్పుడు ముంచేవాడు. చిన్నపిల్లలకు ఎందుకు చెయ్యరని అడిగితే, తెలిసి ఒప్పుకోవాలె బిడ్డా, అంది మా అమ్మ.

లాంకస్టర్ వచ్చి పదేళ్లయ్యాక తెలిసింది, ఆ ఎం అంటే మెనోనైట్ అని. మెనోనైట్ బ్రెదరన్ మిషనరీలు 1889లో రష్యా నుంచి, 1899లో అమెరికా నుంచి మన వైపు వచ్చారు. నల్గొండ, మలక్‌పేట, పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి, అన్నిచోట్లా తిరిగారు. ఆమిష్ వాళ్లూ వీళ్లూ ఒకే వేరు నుంచి పుట్టినవాళ్లు. 1525లో జూరిక్‌లో కొందరు, పసిపిల్లకు కాదు, తెలిసి ఒప్పుకున్న పెద్దమనిషికే బాప్తిస్మం అన్నారు. ఆ మాటకే 1527 జనవరిలో ఫెలిక్స్ మాన్జ్ అనే ఆయన్ని కాళ్లు చేతులు కట్టి లిమ్మత్ నదిలో ముంచి చంపారు. మా అమ్మకు ఆ పేరు తెలియదు. ఆమె మాత్రం అదే మాట చెరువు గట్టు మీద అలవోకగా నాతో అంది.

పోటీకి పంపాలా, సంపుటి ఎప్పుడు వెయ్యాలి అని అడిగావు. వాటి గురించి ఇప్పుడేం రాయను.

మార్చిలో ఒక శనివారం ఖాళీ పెట్టుకో. గార్డన్‌విల్‌లో మడ్ సేల్ ఉంటుంది. మంచు కరిగి నేలంతా బురద అవుతుంది, అందుకే ఆ పేరు. ఊరి అగ్నిమాపక దళం కోసం వేలంపాట. ఆ దళంలో ఆమిష్ వాళ్లూ సభ్యులే, మంటలార్పుతారు, బండి మాత్రం నడపరు. బొంతలూ గుర్రాలూ నాగళ్లూ అన్నీ పాడతారు. బూట్లు వేసుకుని రా. చూడటానికి కాదు, ఏదైనా పాడుకుని కొను. బల్లో కుర్చీయో కొంటే రెండో వైపు పట్టుకోమని పక్కనున్నాయన్ని అడుగు.

అంతకన్నా ముందు మీ అమ్మగారికి ఫోన్ చెయ్యి. ఆ గుండుసూదులు చూసినప్పుడు ఏమనుకున్నావమ్మా అని అడుగు. ఆమె చిన్నప్పుడు ఊళ్లో ఎం.బి. చర్చి ఉండేదా అని కూడా అడుగు. ఏం చెప్పిందో ఆమె మాటల్లోనే రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
అత్తమ్మ
(మేడమ్ అని రాయకు)