పదిహేనేళ్ల బాబును "వయసు దాటింది" అని బడిలోకి రానిస్తలేరు: మా అనుభవం

అక్కా, మీ బాబుకు 15 ఏళ్లు, వినపడదు, 2020ల హాస్టల్ మూసి ఇంటికి పంపినంక మళ్ల బడికి పోలేదు, ఇప్పుడు తీస్కపోతే వయసు దాటిందంటున్నరు, ఏం చెయ్యాలె అని అడిగిన్రు. మాది నారాయణపేట దిక్కు. మా పిలగానికి గూడ వినపడదు. ఇదే మాట మేమూ పడ్డం.

14 ఏళ్లు అనేది మామూలు పిల్లల లెక్క. మన పిల్లలకు 2016 వికలాంగుల హక్కుల చట్టం వేరే ఉంది. 40 శాతం, ఆపైన లోపం ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు అని దాని 31వ సెక్షన్ల రాసి ఉంది. ఊర్లె బడికి పంపాల్నా, ప్రత్యేక బడికి పంపాల్నా అనేది మన ఇష్టం. పరీక్షలల్ల ఎక్కువ టైం, రెండో మూడో భాషల మినహాయింపు 17వ సెక్షన్ల ఉన్నయి. హిందీ భయం పెట్టుకోకున్రి.

నేను చేసిన తప్పు ఒక్కటే, నోటితోని అడుక్కుంట తిరిగిన. "సారు లేడు, సోమవారం రా" అంటే సోమవారం పోయిన. ఆఖరుకు ఒక దరఖాస్తు రాసి, సదరం సర్టిఫికెట్ (లోపం ఎంత శాతమో రాసిచ్చే సర్కారు కాయితం) జిరాక్స్ పెట్టి, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుల ఇచ్చి, నా కాపీ మీద ముద్ర కొట్టించుకున్న. వారంల పిలిచిన్రు! "చేర్చుకోం" అని వాళ్లంటే, ఆ మాటే కాయితం మీద రాసియ్యమనండి. ఎవ్వరు రాయరు. అప్పటికీ కాకుంటే డీఈఓకు (జిల్లా విద్యాధికారికి), ఆ తర్వాత రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు. మండలంల మనసొంటి పిల్లలకు చదువు చెప్పే భవిత కేంద్రం ఉంటది, ఆడి టీచర్లను ముందే కలువున్రి.

ఇగ అసలు నష్టం. మా ఆయన బొంబైల సెంట్రింగ్ పని. లాక్‌డౌన్ పడంగనె ఆడ్నే ఇరుక్కున్నడు. ఫోన్ వస్తే అలవాటుగ పిలగాని చెవికాడ పెట్టేదాన్ని, వాడు నా మొగం దిక్కు చూసేటోడు. మేకను అమ్మి స్మార్ట్ ఫోన్ కొన్నం. వీడియోల తండ్రీకొడుకులు చేతులతోని మాట్లాడుకునేది. మే నెలల లారీ ఎక్కి వచ్చిండు, చేతికి క్వారంటైన్ ముద్ర, 14 దినాలు వేరే ఇంట్ల. నేను బజారుకు ఈ పక్కకెల్లి మొత్తుకుంటె ఆయనకు సగమే వినపడేది. పిలగాడు అరుగు మీద నిలబడి చేతులతోనే అన్ని ముచ్చట్లు చెప్పిండు, దూరం వాళ్లకు లెక్కనే గాదు.

సెప్టెంబర్ 1 నుంచి టీవీల పాఠాలు షురూ అయినయి. వానికి సారు మూతి కదులుడు తప్ప ఏం తెలవలె. బయటికి పోతే అందరి మూతికి మాస్కులు, అదీ లేదు. ఇంట్ల మా సైగలు అన్నం, నీళ్లు, పండుకో, గంతే. హాస్టల్‌ల నేర్చిన సైగలు సాలు తిరిగేసరికి సగం మర్చిపోయిండు. పాఠం పోతే మళ్ల చెప్పుకోవచ్చు, మాట్లాడేటోళ్లు లేకుంటె భాషనే పోతది. ఇది నాకు ఆలస్యంగ తెలిసింది. వాని హాస్టల్ దోస్తుల నంబర్లు పట్టుకొని వారానికి రెండుసార్లు వీడియో కాల్ పెట్టించిన తర్వాతనే వేళ్లు మళ్ల కదిలినయి.

అందుకే బడి దొరికేదాక ఆగొద్దు, బాబు పాత దోస్తులను రేపే ఎతుకున్రి. 2024 డిసెంబర్‌ల పీఎం ఈ-విద్య కింద సైగల భాషకు 31వ నంబర్ చానల్ పెట్టిన్రు, అది గూడ చూపియ్యున్రి. మాకు అక్కర ఉన్నప్పుడు అది లేకపాయె.

బాబుకు 18 నిండనీకె మూడేళ్లే ఉన్నయి. దరఖాస్తు పెట్టేముందు సదరం కాయితం మీద తేదీ చూసుకోండి. టెంపరరీది అయ్యి గడువు దాటి ఉంటే దాన్ని ముందు రెన్యూవల్ చేయించున్రి, లేకుంటె ఆడ్నే మళ్ల మెలిక పెడతరు.