షార్జా వస్తున్న తమ్ముడికి: ఫీట్లు ఇంటికాడనే పెట్టి రా

కల్వకుర్తి దిక్కు నుంచి ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, షార్జాకు స్టీల్ ఫిక్సర్ (రాడ్ కట్టే పని) వీసా వచ్చింది. ఇక్కడ మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్న. నాకు ఫీట్లు, ఇంచులు, సూత్‌లే తెలుసు. అక్కడ డ్రాయింగ్ అంతా ఎం.ఎం.లనే ఉంటదట. ఫీట్లలకు జల్ది మార్చుకునే చిట్కా ఏమన్న ఉంటే చెప్పు."

తమ్మీ, ఆ చిట్కా జోలికి పోకు. నేను దేవరకొండ నుంచి వచ్చిన కొత్తల దాన్నే నమ్ముకున్న. ఇంచుకు 25, ఫీటుకు 300 అని మనసుల పెట్టుకొని, డ్రాయింగ్‌ల ఏ అంకె కనిపించినా ముందు మన లెక్కలకు తిప్పుకునేటోన్ని. అసలు ఇంచుకు 25.4, ఫీటుకు 304.8. ఆ చిన్న తేడాకు ఏమైతదిలే అనుకున్న.

ఒక బిల్డింగ్‌ల 600 ఎం.ఎం. కాలమ్‌లు, అంటే పిల్లర్లు, ఉండె. చుట్టూరా 40 కవర్, అంటే రాడ్ మీద ఉండే కాంక్రీట్ మందం, పోతే నిలువు రాడ్లను చుట్టి కట్టే రింగు 520 రావాలె. నేను 25తోని భాగిస్తే 20.8 వచ్చింది. ఇంచుల టేపు మీద 21 పెట్టి రింగులన్నీ వంచేసిన. 21 ఇంచులంటే 533. కన్సల్టెంట్ తరఫు ఇంజనీరు వచ్చి 40 కవర్ బ్లాక్ పెట్టి చూసిండు, పట్టలే. రెండు దిక్కులా 33 మాత్రమే మిగిలింది. మన ఊర్ల అయితే మేస్త్రీ సుత్తెతోని నాలుగు దెబ్బలు కొట్టి సర్దుతడు, ఇంటాయన కూడా ఏమనడు. ఇక్కడ సముద్రం పక్కనే ఉంటది. ఉప్పు గాలి కాంక్రీట్‌లకు ఎక్కుతది, కవర్ తక్కువుంటే రాడ్‌కు జల్ది అందుతది, తుప్పు పట్టిన రాడ్ ఉబ్బి పిల్లర్‌ను పగలగొడతది. అందుకే వాళ్లు ఒక్క రింగు కూడా ఒప్పుకోలే. అన్నీ విప్పిచ్చిండ్రు.

ఆ నెల నా ఓవర్‌టైం పైసలు కోసిండ్రు. అట్ల కోసే హక్కు కంపెనీకి ఉందా లేదా నేను అడగలే, అడగాలని కూడా తెల్వదు. నువ్వు వచ్చేముందే ఆ రూల్ చదువుకొని రా. ఇంటికాడ నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పుండె. ఆ నెల పంపిన పైసలు మిత్తికే సరిపోయినయి, అసలుల పైస తగ్గలే. నాయిన ఫోన్ల ఏమనలేదు గాని, ఆయన ఏమనకపోవుడే నాకు ఎక్కువ బాధయింది. నీ ప్రశ్నల లెక్క ఒక్కటే ఉంది, నాకు మాత్రం దాని వెనక పైసలే కనిపిస్తున్నయి. ఇక్కడ ఒక అంకె తప్పితే ఒక నెల మిత్తి మీద పడతది.

ఇగ లెక్క. ఇది ఐదో తరగతిది, నువ్వు పది పాసైనవు కాబట్టి భయపడే పని లేదు. సెంటీమీటరుకు 10 ఎం.ఎం., మీటరుకు 1000 ఎం.ఎం., కిలోమీటరుకు 1000 మీటర్లు. గుణించుడు లేదు, భాగించుడు లేదు, చుక్కను జరుపుడే. మీ పాలమూరోళ్లకు ఇది కొత్త కాదు. వానకాలం జూరాల నిండిందంటే 318.516 మీటర్లు అని పేపర్ల వేస్తరు కదా? చుక్క తర్వాత ఉన్న ఆ 516 మిల్లీమీటర్లే. మా నల్లగొండల సాగర్‌ను 590 అడుగులు అంటం, అదే 179.83 మీటర్లు. జూరాల లెక్క చదవగలిగినోనికి సైట్ మీద లెవల్, అంటే ఎత్తు, చదువుడు వచ్చినట్టే. ఎందుకంటే ఇక్కడ డ్రాయింగ్‌ల కొలతలు ఎం.ఎం.ల ఉన్నా, లెవల్స్ మాత్రం మీటర్లల రాస్తరు. గోడ పొడవు 3500 అని ఉంటది, స్లాబ్ లెవల్ +3.500 అని ఉంటది. +0.150 చూసి పదిహేను మీటర్లా, నూటయాభై సెంటీమీటర్లా అని తలగోక్కునే కొత్తోళ్లు ఇప్పటికీ వస్తున్నరు. అది 150 ఎం.ఎం., అంటే 15 సెంటీమీటర్లు. అంతే.

నోటితోని చెప్పేటప్పుడు ఎవరూ యూనిట్ పలకరు. ఫోర్‌మ్యాన్ "డేఢ్ సౌ" (నూటయాభై) అంటడు, పక్కన కార్పెంటర్ "పంద్రా" (పదిహేను) అంటడు, ఇద్దరూ చెప్పేది ఒక్కటే. ఒకడు ఎం.ఎం.ల, ఇంకొకడు సెంటీమీటర్లల. ఈజిప్టోళ్లు సెంటీమీటర్‌ను "సంతి" అంటరు. సిగ్గుపడకుండ తిరిగి అడుగు, చేతి మీదనో ప్లైవుడ్ ముక్క మీదనో ఎం.ఎం.ల రాసి చూపెట్టు. సిగ్గుపడి ఊకున్నోని పైసలే పోతయి.

రాడ్ పేర్లు కూడా మార్చుకోవాలె. మనం నాలుగు సూత్ అనేది ఇక్కడ 12 ఎం.ఎం. సూత్ అంటే ఇంచుల ఎనిమిదో వంతు, 3.175. నాలుగు సూత్‌లకు లెక్క కడితే 12.7 వస్తది, అసలు రాడ్ మాత్రం 12. అందుకే తిప్పుకోవద్దు అంటున్న.

టేపు కొంటే ఒక్క మెట్రిక్ గీతలున్నదే కొను, ఒక దిక్కు ఇంచులు కూడా ఉన్నది వద్దు. కొస కొక్కెం కొంచెం కదులుతది. అది పాడై కదిలేది కాదు. కొక్కెం మందం ఎంతుంటదో అంత కదలాలె, అప్పుడే లోపలి కొలతా బయటి కొలతా రెండూ సరిగ్గ వస్తయి. దాన్ని కొట్టి బిగించకు. కొస అరిగితే కొందరు 100 నుంచి పట్టి కొలుస్తరు. అట్ల చేస్తే చివర్ల 100 తీసేసుడు మర్చిపోకు.

నా బతుకు మారింది ఎక్కడో చెప్త. ఫుల్ రాడ్ 12 మీటర్లు, అంటే 12000. 2400 ముక్కలు కావాలంటే అయిదు వస్తయి, ఒక్క ఎం.ఎం. కూడా మిగలదు. 2500 ముక్కలైతే నాలుగే, 2000 ముక్క వేస్టు. 16 ఎం.ఎం. రాడ్ మీటరుకు 1.58 కిలోలు, ఫుల్ రాడ్ 19 కిలోల దగ్గర. ఏ ముక్క ఏ రాడ్‌ల నుంచి తీస్తే వేస్టు తగ్గుతదో కాగితం మీద రాసిచ్చుడు మొదలుపెట్టిన. ఫీట్లల ఆలోచిస్తే ఈ లెక్క ఎన్నడూ తేలేది కాదు. ఇప్పుడు కటింగ్ యార్డు నా చేతిల ఉంది, బీబీఎస్, అంటే ఏ రాడ్ ఎంత కోయాలె, ఎట్ల వంచాలె అని రాసే పట్టీ, నేనే చూస్త. డిగ్రీ లేకుండ ఇక్కడిదాక వచ్చిన, నువ్వు కూడా వస్తవు.

ఇంకో మాట, ఇది పైసలది. అరబ్బీ అంకెలల్ల చుక్క అంటే సున్న, మన సున్న లెక్క కనిపించేది ఐదు. జీతం కాగితం మీద సంతకం పెట్టేముందు చూసుకో.

ఏజెంటుకు ఎంత ఇచ్చినవో నువ్వు రాయలే. రిక్రూటింగ్ ఏజెంటు తీసుకునే చార్జీకి మన సర్కారు పెట్టిన హద్దు 30,000 రూపాయలు, జీఎస్టీ వేరే. ఏజెంటుకు లైసెన్సు ఉందా లేదా కేంద్ర సర్కారు వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌ల చూడు, మిగతా రూల్స్ టామ్‌కామ్ (విదేశీ ఉద్యోగాలు చూసే తెలంగాణ సర్కారు కంపెనీ) వాళ్లను అడుగు. లక్షలు అడిగితే, మిత్తికి తెచ్చి ఇయ్యకు. మిత్తి మీద ఇక్కడికి వచ్చినోడు తప్పు చేస్తనేమోనని భయపడుకుంటనే కొలుస్తడు, అట్ల కొలిస్తే ఇంకా తప్పుతది.

ఫ్లైట్ ఎక్కేదాక మీ మేస్త్రీ దగ్గరనే ఉంటవు కదా. రోజూ చేసిన పని సాయంత్రం ఎం.ఎం.ల రాయి: పిల్లర్ ఎంత, రింగు ఎంత, దూరం ఎంత. ఇంచులు పక్కన రాయకు. వారానికి ఒకసారి ఫోటో తీసి పంపు, తప్పులుంటే దిద్ది పంపుత.